సౌండ్‌కార్డు నుంచి హెడ్‌ఫోన్స్‌లో మంచి సౌండ్ రాబట్టడం ఎలా?

ఫోన్‌లో బాగా వినిపించిన హెడ్‌ఫోన్స్ కంప్యూటర్‌కి పెట్టగానే పేలవంగా అనిపిస్తే, అందరి అనుమానం ముందు సౌండ్‌కార్డు మీదికే పోతుంది. మదర్‌బోర్డుతో పాటు వచ్చే చిప్పు కదా, అంతకంటే ఏం వస్తుందిలే అని కొందరు సర్దుకుపోతారు, ఇంకొందరు వెంటనే కొత్త కార్డు కొనేస్తారు. మదర్‌బోర్డుల మీద పాత ఏసీ97 రకం ఆడియో చిప్పులుండే కాలంలో ఆ అనుమానానికి అర్థం ఉండేది. వాటిలో చాలా భాగం 48 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటు (సెకనుకు సౌండ్‌ను ఎన్నిసార్లు కొలుస్తారన్న లెక్క) దగ్గరే పనిచేసేవి, సీడీల 44.1 కిలోహెర్ట్జ్ పాటలను నాసిరకంగా మార్చి వినిపించేవి. 2004లో ఇంటెల్ హెచ్‌డీ ఆడియో ప్రమాణం వచ్చాక పరిస్థితి బాగా మెరుగుపడింది. ఇప్పుడు సౌండ్ చెడుతోందంటే చాలాసార్లు కారణం చిప్పు కాదు. పిన్ను తప్పు జాక్‌లో ఉంటుంది, లేదా మనకు తెలియకుండా నాలుగైదు ఎఫెక్టులు ఒకదాని మీద ఒకటి ఆన్‌లో ఉంటాయి. అందుకే ఈ పనిలో కొనడం చివరి మెట్టు. ముందు ఉన్నవి తీసేస్తూ రావాలి.

ముందు పిన్ను సంగతి

పిన్ను పూర్తిగా లోపలికి వెళ్లిందో లేదో చూడండి. నవ్వొచ్చే సలహానే, కానీ దీని లక్షణం విచిత్రంగా ఉంటుంది. మ్యూజిక్ వినిపిస్తుంది, గాయకుడి గొంతు మాత్రం ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టుంటుంది, ఒక్కోసారి అసలు ఉండదు. పిన్నులో రెండు చెవులకూ ఉమ్మడిగా ఉండే గ్రౌండ్ తగలకపోతే, ఎడమ సిగ్నల్‌కీ కుడి సిగ్నల్‌కీ మధ్య తేడా మాత్రమే వినిపిస్తుంది. పాటలో గొంతును రెండువైపులా సమానంగా పెడతారు కాబట్టి ఆ తేడాలో గొంతు మాయమై, దాని ప్రతిధ్వని మిగులుతుంది. మైక్ ఉన్న హెడ్‌సెట్‌లలో ఇదే జబ్బు ఇంకో కారణంగానూ వస్తుంది. నాలుగు భాగాల పిన్నులో మైక్, గ్రౌండ్ స్థానాలకు రెండు పద్ధతులున్నాయి: సీటీఐఏ, ఓఎంటీపీ. హెడ్‌సెట్ ఒక పద్ధతిది, జాక్ ఇంకో పద్ధతిది అయితే గొంతు పోతుంది. వైరు మీదుండే బటన్ నొక్కి పట్టుకున్నంతసేపూ పాట సరిగ్గా వినిపిస్తోందంటే రోగం అదే. ఒక చిన్న అడాప్టర్‌తో తీరిపోతుంది.

మైక్‌కీ హెడ్‌ఫోన్‌కీ వేర్వేరు జాక్‌లున్న కంప్యూటర్‌లో నాలుగు భాగాల పిన్నును నేరుగా పెట్టకుండా, రెండుగా చీలే కేబుల్ వాడండి.

ముందు జాకా, వెనక జాకా?

డెస్క్‌టాప్ వాడేవాళ్లకు ఇది చాలా ముఖ్యం. క్యాబినెట్ ముందున్న జాక్‌కి సిగ్నల్ ఒక సన్నటి వైరులో, మదర్‌బోర్డు అంచు నుంచి లోపలంతా తిరిగి వస్తుంది. దారిలో గ్రాఫిక్స్ కార్డు, ఫ్యాన్లు, పవర్ కేబుళ్లు అన్నీ ఉంటాయి. ఆ వైరుకు కవచం సరిగ్గా లేకపోతే వాటి రొద అందులోకి చేరుతుంది. వెనకవైపున్న లేత ఆకుపచ్చ జాక్‌కి ఈ బాధ తక్కువ. (గులాబీ రంగుది మైక్‌కి, నీలం లైన్ ఇన్‌కి.)

అలాగని వెనకదే ఎప్పుడూ మేలు అనుకోకండి. కొన్ని బోర్డుల్లో హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్‌ను ముందు జాక్‌కి మాత్రమే కలుపుతారు. వెనకది స్పీకర్లకు పంపే లైన్ అవుట్ మాత్రమే. మదర్‌బోర్డు మాన్యువల్‌లో ఒక్క లైన్ వెతికితే ఈ విషయం తెలుస్తుంది. మాన్యువల్ లేకపోతే ఒకే పాటను రెండు జాక్‌లలోనూ వినండి. ఒకదాంట్లో వాల్యూమ్ 40 దగ్గరే సరిపోతూ, ఇంకోదాంట్లో 80కి పెంచినా చాలకపోతే, ఆంప్లిఫయర్ ఎక్కడుందో తెలిసినట్టే.

పిన్ను పెట్టగానే 'ఏ డివైస్ పెట్టారు?' అని ఒక పెట్టె వస్తే దాన్ని మూసేయకండి, హెడ్‌ఫోన్ అని ఎంచుకోండి. ఫ్రంట్ స్పీకర్ అని వదిలేస్తే కొన్ని కార్డులు హెడ్‌ఫోన్‌కి కావలసిన బలం ఇవ్వవు.

ఎఫెక్టులన్నీ తీసేయండి

విండోస్‌లో విన్ కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో ఎం ఎం ఎస్ వై ఎస్ డాట్ సి పి ఎల్ అని (ఇంగ్లిష్ అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా) టైప్ చేస్తే పాత సౌండ్ విండో తెరుచుకుంటుంది. సెట్టింగ్స్‌లో వెతుక్కోవడం కంటే ఇదే దగ్గరి దారి. ప్లేబ్యాక్ ట్యాబ్‌లో మీ హెడ్‌ఫోన్ మీద డబుల్ క్లిక్ చేయండి. ఎన్‌హాన్స్‌మెంట్స్ ట్యాబ్ ఉంటే అక్కడ, లేదంటే అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో, ఎఫెక్టులన్నిటినీ ఆపేయడానికి ఒక టిక్ పెట్టె ఉంటుంది.

తరువాత స్పేషియల్ సౌండ్‌ని (శబ్దం చుట్టూ నుంచి వస్తున్నట్టు అనిపించేలా చేసే ఎఫెక్టు) ఆఫ్ చేయండి. కంప్యూటర్ కంపెనీ ముందే వేసి ఇచ్చిన ఆడియో యాప్ ఉంటే అందులో కూడా మ్యూజిక్, మూవీ, గేమ్ లాంటి మోడ్‌లన్నీ తీసేయండి. లౌడ్‌నెస్ ఈక్వలైజేషన్ అనేది చిన్న శబ్దాలను పెంచి, పెద్ద వాటిని అణచి, అన్నిటినీ ఒకే ఎత్తుకు తెస్తుంది. అర్ధరాత్రి సినిమా చూస్తూ డైలాగులు అందుకోవడానికి భలే పనికొస్తుంది. పాటకు మాత్రం ప్రాణం తీస్తుంది, తబలా దెబ్బలో దెబ్బ ఉండదు.

అన్నీ తీసేశాక మొదటి నిమిషం సౌండ్ చప్పగా అనిపించడం ఖాయం. కంగారుపడకండి. ఆ ఎఫెక్టుల్లో చాలావరకు వాల్యూమ్‌ని కూడా కొంచెం పెంచుతాయి. రెండు సౌండ్‌లలో కాస్త గట్టిగా ఉన్నదే మన చెవికి మెరుగ్గా తోస్తుంది. వాల్యూమ్‌ని పాత స్థాయికి తెచ్చుకుని, అదే పాట మళ్లీ వినండి. పోలిక అప్పుడే న్యాయంగా ఉంటుంది.

ఆ విండోలోనే ఇంకో రెండు పనులు. ఒకటి: కాన్ఫిగర్ నొక్కి స్టీరియో ఎంచుకోండి. అక్కడ 5.1 (ఆరు చానళ్ల స్పీకర్ల అమరిక) అని ఉంటే సినిమా డైలాగులు వెళ్లే మధ్య చానల్ అసలు మీ జాక్‌కే రాకపోవచ్చు, సంగీతం ఒక్కటే మోగుతూ ఉంటుంది. రెండు: కమ్యూనికేషన్స్ ట్యాబ్‌లో 'డూ నథింగ్' పెట్టండి. మామూలుగా అక్కడ కాల్ వచ్చినప్పుడు మిగతా సౌండ్‌ని 80 శాతం తగ్గించే సెట్టింగ్ ఉంటుంది. పాట మధ్యలో హఠాత్తుగా ఎందుకు నీరసపడుతోందో తెలియక తల పట్టుకునేవాళ్లలో చాలామందికి మూలం ఇక్కడే దొరుకుతుంది.

శాంపిల్ రేటు: ఐదు నిమిషాలకు మించి ఆలోచించొద్దు

అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో డిఫాల్ట్ ఫార్మాట్ అని ఉంటుంది. విండోస్ అన్ని యాప్‌ల సౌండ్‌నీ కలిపి, ఈ రేటుకు మార్చి కార్డుకు పంపుతుంది. పాటలు ఎక్కువగా వినేవాళ్లు 24 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ పెట్టుకోండి. సినిమాలు, వీడియోలు, గేమ్‌లు ఎక్కువైతే 24 బిట్, 48. మనిషి చెవికి 20 కిలోహెర్ట్జ్‌కి పైన వినిపించదు, 44.1తో 22 వరకు పట్టుబడుతుంది. అందుకే 192 పెట్టినందువల్ల ప్రాసెసర్‌కి పని పెరగడం తప్ప ఒరిగేదేమీ లేదు. విండోస్ మిక్సర్‌ని పూర్తిగా దాటేయాలనుకుంటే, మీ ప్లేయర్‌లో వసాపి ఎక్స్‌క్లూజివ్ మోడ్ (ప్లేయర్ ఒక్కటే కార్డును నేరుగా వాడుకునే పద్ధతి) ఉందేమో చూడండి. పాట మోగుతున్నంతసేపు మిగతా యాప్‌లు నోరు మూసుకుంటాయి, నోటిఫికేషన్ల టింగుమనడం కూడా ఉండదు.

మ్యాక్‌లో ఇదే పనికి ఆడియో మిడి సెటప్ తెరవాలి. లైనక్స్‌లో ఆల్సామిక్సర్ తెరిచి, హెడ్‌ఫోన్, మాస్టర్ గీతలు ఎంత ఎత్తులో ఉన్నాయో చూడండి. ఏదో ఒకటి మ్యూట్‌లోనో సగంలోనో ఉండిపోవడం అక్కడ మామూలే.

వాల్యూమ్ ఎక్కడ తగ్గించాలి?

ప్లేయర్‌లో ఒకటి, బ్రౌజర్‌లో ఒకటి, విండోస్‌లో ఒకటి, వైరు మీద ఇంకొకటి. నాలుగూ సగం సగం పెట్టుకుంటే సిగ్నల్ బక్కచిక్కి, దాని పక్కన కార్డు రొద పెద్దగా వినిపిస్తుంది. ప్లేయర్‌ని 100లో ఉంచి, విండోస్ వాల్యూమ్ ఒక్కటే కదపండి. చేత్తో తిప్పే నాబ్ ఉంటే విండోస్‌ని కూడా పైన ఉంచి నాబ్‌తో తగ్గించుకోండి.

డిజిటల్‌గా తగ్గిస్తే బిట్‌లు పోతాయి కదా అని కొందరు భయపడతారు. పోతాయి, ప్రతి 6 డెసిబెల్స్‌కి ఒకటి చొప్పున. కానీ 16 బిట్‌ల పాటని 24 బిట్‌లలో పంపుతున్నాం కాబట్టి 48 డెసిబెల్స్ తగ్గించేదాకా పాట బిట్‌ల జోలికి పోనక్కర్లేదు. అంత కిందికి తగ్గించి ఎవరూ వినరు.

పై హద్దు కూడా చెప్పాలి. పెద్దల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్. దానికి 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ వినదగ్గ సమయం సగానికి పడిపోతుంది.

గరగర, సుయ్‌మనే రొద

ఏ పాటా పెట్టకుండా వాల్యూమ్ పెంచి, ఏదైనా పొడవాటి పేజీని పైకీ కిందికీ స్క్రోల్ చేయండి. మౌస్ కదిలినప్పుడల్లా జిర్రుమంటోందా? అది కంప్యూటర్ లోపలి విద్యుత్ రొద. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పీకి చూడండి, చాలాసార్లు వెంటనే నిశ్శబ్దమవుతుంది. డెస్క్‌టాప్‌లో జాక్ మార్చండి. లెవెల్స్ ట్యాబ్‌లో మైక్, లైన్ ఇన్ లాంటివి కనిపిస్తే మ్యూట్ చేయండి. వాడని ఇన్‌పుట్‌లు తెరిచి ఉంటే వాటి రొద కూడా మీ చెవికి చేరుతుంది.

వాల్యూమ్ పెంచినా తగ్గించినా ఒకేలా సుయ్‌మంటూ ఉండే సన్నటి హోరు వేరు. చెవిలో దూర్చుకునే ఇయర్‌ఫోన్స్ కొన్ని చాలా సున్నితంగా ఉంటాయి, కార్డు సొంత రొద కూడా వాటిలో వినిపిస్తుంది. దీనికి సెట్టింగ్‌లలో మందు లేదు.

ఇంపీడెన్స్: ఎవరూ చూడని అంకె

బాస్ మరీ ఉబ్బిపోయి, గొంతు మీద దుప్పటి కప్పినట్టు ఉంటే అనుమానించాల్సింది దీన్నే. ఇంపీడెన్స్ అంటే విద్యుత్ సిగ్నల్‌కి ఎదురయ్యే అడ్డు, దాన్ని ఓమ్‌లలో కొలుస్తారు. హెడ్‌ఫోన్ ఇంపీడెన్స్ 32 ఓమ్‌లు అని డబ్బా మీద రాసినా, అది అన్ని స్వరాల దగ్గరా 32 కాదు. చాలా హెడ్‌ఫోన్స్‌లో బాస్ దగ్గర అది పెరుగుతుంది. ఒక చోట 64 అయిందనుకుందాం. కార్డు అవుట్‌పుట్ ఇంపీడెన్స్ 100 ఓమ్‌లైతే, మామూలు స్వరాల దగ్గర హెడ్‌ఫోన్‌కి అందే వోల్టేజ్ 132లో 32 వంతులు, అంటే 24 శాతం. బాస్ దగ్గర 164లో 64 వంతులు, 39 శాతం. ఆ తేడా 4 డెసిబెల్స్‌కి పైనే. తయారీదారు పెట్టని బాస్ మీ చెవికి వచ్చి చేరింది. అదే కార్డు ఇంపీడెన్స్ 2 ఓమ్‌లైతే తేడా పావు డెసిబెల్, ఎవరికీ తెలియదు.

వాడుకలో ఉన్న కొండగుర్తు: కార్డు ఇంపీడెన్స్ హెడ్‌ఫోన్ దానిలో ఎనిమిదో వంతుకు మించకూడదు. 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కి 4 ఓమ్‌లు. 250, 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్స్‌కి ఈ బెడద తక్కువ, కానీ వాటికి వోల్టేజ్ ఎక్కువ కావాలి, మామూలు జాక్‌లో సౌండ్ చిన్నగా ఉంటుంది. ప్లేనార్ రకం హెడ్‌ఫోన్స్‌లో ఇంపీడెన్స్ అన్ని స్వరాల దగ్గరా దాదాపు ఒకేలా ఉంటుంది, వాటికి ఈ లెక్క అంతగా వర్తించదు.

దీనికి పూర్తిగా విరుద్ధమైన ఫిర్యాదు, అంటే బాస్ అసలు లేదనడం, చాలాసార్లు కుషన్ దగ్గర తేలుతుంది. కళ్లజోడు కాడ కిందనుంచి గాలి లీకైతే బాస్ పోతుంది. ఒకసారి కళ్లజోడు తీసి వినండి.

ఈక్వలైజర్ ఇప్పుడు

అన్నీ తీసేసి శుభ్రం చేశాక, తెలిసి ఒక్కటి, అంటే బాస్, గొంతు లాంటి స్వరాల పాళ్లు మార్చే ఈక్వలైజర్‌ని, కలుపుకోవడంలో తప్పులేదు. నా ఉద్దేశంలో ఖర్చు లేకుండా అత్యంత తేడా తెచ్చేది ఇదే, కొత్త కార్డు కూడా ఇంత తేడా తేలేదు. విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీఓ, లైనక్స్‌లో ఈజీ ఎఫెక్ట్స్, రెండూ ఉచితం. వేలాది హెడ్‌ఫోన్స్ కొలతల నుంచి తయారైన సెట్టింగ్‌లు ఆటోఈక్యూ అనే ఉచిత ప్రాజెక్టులో దొరుకుతాయి. మీ మోడల్ ఉంటే దాన్ని వేసుకుని, బాస్ మాత్రం మీ ఇష్టానికి దిద్దుకోండి.

ప్రీఆంప్ (మొత్తం సౌండ్ స్థాయిని పెంచే, తగ్గించే) అనే అంకెను మరవద్దు. ఎక్కడైనా 6 డెసిబెల్స్ పెంచితే ప్రీఆంప్‌ను మైనస్ 6కి దించాలి. లేదంటే గట్టి చోట్ల సౌండ్ పగులుతుంది. ఇంకో చిక్కు: ఎఫెక్టులన్నీ ఆపడానికి ఇంతకు ముందు పెట్టిన టిక్ ఈక్వలైజర్ ఏపీఓని కూడా ఆపేస్తుంది. ఆ టిక్ తీసి, కంపెనీ ఎఫెక్టులను దాని యాప్‌లోనే విడివిడిగా ఆఫ్‌లో ఉంచండి. వసాపి ఎక్స్‌క్లూజివ్‌లోనూ ఈక్వలైజర్ ఏపీఓ పనిచేయదు. రెంటిలో ఒకటి ఎంచుకోవాల్సి వస్తే నా ఓటు ఈక్వలైజర్‌కే.

ఇప్పటికీ బాగాలేకపోతే

రొద పోకపోయినా, ఇంపీడెన్స్ పొసగకపోయినా, వాల్యూమ్ చాలకపోయినా యూఎస్‌బీ డ్యాక్ (డిజిటల్ సిగ్నల్‌ను హెడ్‌ఫోన్‌కి పంపే అనలాగ్ సిగ్నల్‌గా మార్చే పరికరం) కొనండి. సిగ్నల్ కంప్యూటర్ బయటికి వచ్చాకే అనలాగ్‌గా మారుతుంది కాబట్టి లోపలి రొద చాలావరకు తప్పుతుంది. ఇయర్‌ఫోన్స్‌కి, 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్స్‌కి ఫోన్‌లకు వాడే చిన్న టైప్-సి డాంగిల్ చాలు. 250 ఓమ్‌లు దాటితే ఆంప్లిఫయర్ కలిసి ఉన్నది తీసుకోండి. కొనేముందు రెండే అంకెలు చూడండి: అవుట్‌పుట్ ఇంపీడెన్స్, మీ హెడ్‌ఫోన్ ఓమ్‌ల దగ్గర ఇచ్చే వోల్టేజ్ లేదా పవర్. 768 కిలోహెర్ట్జ్ అని డబ్బా మీద ఎంత పెద్ద అక్షరాలతో రాసినా పట్టించుకోనవసరం లేదు.

డ్యాక్ పెట్టాక విండోస్‌కి అది కొత్త డివైస్. ఫార్మాట్, స్పేషియల్ సౌండ్, ఎఫెక్టులు అన్నీ మళ్లీ ఒకసారి చూసుకోవాలి. ఈక్వలైజర్ ఏపీఓలో కూడా కొత్త డివైస్‌కి టిక్ పెట్టి కంప్యూటర్ రీస్టార్ట్ చేయాలి, లేకపోతే పాత జాక్‌కే పనిచేస్తూ ఉంటుంది.