లెంట్‌లో పంచదార మానేయాలంటే టీ గిన్నె దగ్గర మొదలుపెట్టండి

పంచదార మానేశానని చెప్పగానే మన దగ్గర వచ్చే మొదటి ప్రశ్న "అయ్యో, షుగర్ వచ్చిందా?" అని. రాలేదండీ, లెంట్ కదా, మానేశాను అంటే కొందరు నమ్మరు కూడా. లెంట్ అంటే ఈస్టర్‌కి ముందు క్రైస్తవులు పాటించే నలభై రోజుల ఉపవాస కాలం, శ్రమల కాలం అనీ అంటాం. 2024లో మొదటిసారి మానేసినప్పుడు ఈ సంజాయిషీ స్టాఫ్‌రూమ్‌లో, చర్చి సంఘంలో, చివరికి కిరాణా కొట్లో కూడా చెప్పుకున్నాను. నెలకి నాలుగు కిలోలు పట్టుకెళ్లే మనిషి రెండు చాలంటే కొట్టాయనకి అనుమానం రాదా మరి.

నేను తెనాలి దగ్గర ఒక ప్రభుత్వ పాఠశాలలో లెక్కలు చెబుతాను. మాది లూథరన్ సంఘం. మా అమ్మకి నలభై ఐదో ఏట షుగర్ వచ్చింది. నాకు నలభై ఆరో ఏట, 2024 జనవరిలో, రక్తపరీక్షలో హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే లెక్క) 6.0 అని వచ్చింది. 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే షుగర్ జబ్బు గుమ్మంలో చెప్పులు విడుస్తున్నట్టే. డాక్టరమ్మ మందులేమీ రాయలేదు, తీపి తగ్గించి రోజూ నడవమంది. తగ్గించడం నాకు చేతకాదు. మానేయడం వచ్చు, అదీ గడువంటూ ఉంటే. లెంట్ మొదలయ్యే బూడిద బుధవారం ఆ ఏడాది ఫిబ్రవరి 14న వచ్చింది. గడువు దొరికింది.

"ఇది దేవుడి కోసమా, ఒంటి కోసమా?" అని మా సంఘంలో ఒక అక్క నిలదీసింది. రెండిటికీ అన్నాను. ఆవిడకి నచ్చలేదు. నాకైతే ఇప్పటికీ అదే జవాబు.

మొదటి ఏడాది సగానికి సగం పాడుచేసుకున్నాను. 2025లో బాగా కుదిరింది. ఈ ఏడాది, 2026లో, బూడిద బుధవారం ఫిబ్రవరి 18న, ఈస్టర్ ఏప్రిల్ 5న. మొదలుపెట్టాలనుకునేవాళ్లకి ఇంకా టైముంది కాబట్టి, రెండేళ్లలో నేను నేర్చుకున్నది చెబుతున్నాను.

ముందు లెక్క

బూడిద బుధవారానికి మూడు వారాల ముందే పంచదార డబ్బా తూకం వేయండి. మా ఇంట్లో నలుగురం: నేను, మావారు, అత్తయ్య, ఇంటర్ చదివే పాప. నెలకి నాలుగు కిలోలు. నలుగురికి పంచితే మనిషికి రోజుకి 33 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన లెక్క ప్రకారం, రోజుకి 2,000 కేలరీలు తినే మనిషికి పంచదార, తేనె లాంటివన్నీ కలిపి 50 గ్రాములు దాటకూడదు, 25కి తగ్గితే ఇంకా మంచిది. "ముప్ఫై మూడేగా, పాసైపోయాం" అని మావారు సంతోషపడ్డారు. కానీ అత్తయ్య అసలు తీపి ముట్టదు. ఆవిడ వాటా కూడా మేం ముగ్గురమే లాగిస్తున్నాం. అప్పుడు మనిషికి 44. ఇందులో బిస్కెట్లు, బెల్లం, కూల్‌డ్రింకులు ఇంకా కలపలేదు.

తర్వాత ఒక వారం పాటు, తీపి నోట్లో పడిన ప్రతిసారీ గోడ కేలండర్ మీద టైము రాయండి. ఏం తిన్నారో కన్నా ఎన్నింటికి తిన్నారో ముఖ్యం. నాకు స్వీట్లంటే పిచ్చి అనుకునేదాన్ని. తీరా చూస్తే వారంలో స్వీటు తిన్నది రెండుసార్లే. టీలు ఇరవై రెండు. సాయంత్రం నాలుగున్నరకి, స్కూల్ నుంచి వచ్చి చెప్పులు విప్పకముందే, బిస్కెట్లు ఆరు రోజులు. అంటే నా శత్రువు మిఠాయి కొట్లో లేదు, పొయ్యి మీద ఉంది.

టీ గిన్నె

మన ఇళ్లలో పాలు, నీళ్లు, టీపొడి, పంచదార అన్నీ ఒకే గిన్నెలో పడి మరుగుతాయి. ఎవరి కప్పులోకి ఎంత వెళ్తోందో ఎవరికీ తెలియదు. అందుకని మొదటి పని, గిన్నెలో పంచదార వేయడం ఆపేయండి. ఎవరి కప్పులో వాళ్లే వేసుకుని కలుపుకోవాలి. మావారు రెండు రోజులు సణిగారు. మూడోరోజు తన కప్పులో తనే చెంచాన్నర వేసుకుని "సరిపోయింది" అన్నారు. గిన్నెలో ఉన్నప్పుడు ఆయన వాటా రెండున్నర. ఆయన లెంట్‌కి ఏమీ మానలేదు, ఊరికే అలా తగ్గిపోయారు.

నేను కప్పుకి రెండు చెంచాల మనిషిని. నాలుగు రోజులకోసారి అర చెంచా తగ్గించుకుంటూ వచ్చాను. పదహారు రోజుల్లో సున్నా. ఆ అర చెంచా దగ్గర కష్టంగా ఉంటుంది, టీ అటూ ఇటూ కాకుండా ఉంటుంది. పంచదార లేకపోతే టీ చేసే తీరూ మారాలి. పొడి తగ్గించండి, ఎక్కువసేపు మరిగించకండి. మనం అంతసేపు మరిగించి తెచ్చుకునే వగరుని ఇన్నాళ్లూ తీపి కప్పేస్తోంది. అల్లం దంచి వేసినా, రెండు యాలక్కాయలు చితగ్గొట్టి వేసినా నోటికి బాగుంటుంది.

2024లో నేను చేసిన తప్పు, పంచదారతో పాటు టీ కూడా ఒక్కసారే మానేయడం. రెండోరోజు మధ్యాహ్నానికి తల పగిలిపోతోంది. పంచదార మానితే ఇంతేనేమో అనుకుని, శ్రమల కాలం కదా అని భరించాను కూడా. అది పంచదార లేక కాదు, టీలో ఉండే కెఫీన్ లేక. ఒకసారికి ఒకటే మానండి.

ఇక సీసా సంగతి. మా అమ్మ ఎసట్లో బియ్యం పోసే ముందు ప్రతిసారీ ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసేది. ఆదివారం అది గుడికి (మా చర్చిని అలాగే అంటాం) వెళ్లేది. అది గుర్తొచ్చి, 2025లో నేను టీలో వేసుకోని రెండు చెంచాలనీ ఖాళీ పచ్చడి సీసాలో వేయడం మొదలుపెట్టాను. మొదటి వారం అడుగున తెల్లటి గీతలా ఉంది. మూడోవారానికి సగానికి వచ్చింది. అప్పుడప్పుడూ పొయ్యి దగ్గర నిలబడి చూసేదాన్ని, ఇదంతా నా ఒంట్లోకి వెళ్లాల్సిందా అని. లెక్క ప్రకారం రోజుకి మూడు టీలు, ఆరు చెంచాలు, చెంచాకి ఐదు గ్రాములు, నలభై ఆరు రోజులకి 1,380 గ్రాములు. ఈస్టర్ ముందు రోజు తూకం వేస్తే 1,290 వచ్చింది. డబ్బాలో అయిపోయినప్పుడు అత్తయ్య సీసాలోంచి తీసి చుట్టాలకి టీ పెట్టిందట.

నియమం కాగితం మీద ఉండాలి

ఏది మానుతున్నారో ముందే రాసి ఫ్రిజ్‌కి అంటించండి. లేకపోతే మనసు రోజుకో సవరణ తెస్తుంది. నా కాగితం మీద ఉన్నది ఇంతే: పంచదార, బెల్లం, తేనె, వాటితో చేసినవి వద్దు. పళ్లు, పాలు, పెరుగు తినొచ్చు. పులుసులో అత్తయ్య వేసే బెల్లం ముక్క లెక్కలోకి రాదు. చర్చిలో ప్రభువు సంస్కారంలో ఇచ్చే ద్రాక్షరసం సంగతి ఎత్తకూడదు (ఇది పాప అడిగితే రాశాను).

బెల్లం మంచిదే కదా అంటారు అందరూ. పంచదారలో లేని ఖనిజాలు కాస్త ఉంటాయి, నిజమే. కానీ దాన్లోనూ ఎక్కువ భాగం చక్కెరే. పంచదార మానేసి బెల్లం టీకి మారితే కప్పులో రంగు మాత్రమే మారుతుంది. ఖర్జూరాలతోనూ జాగ్రత్త. పండే కదా అని నేను ఒకరోజు పేపర్లు దిద్దుతూ ఎనిమిది తిన్నాను.

ఆదివారాల విషయం ముందే తేల్చుకోండి. బూడిద బుధవారం నుంచి ఈస్టర్ ముందు రోజు దాకా నలభై ఆరు రోజులు. ఆరు ఆదివారాలు తీసేస్తేనే నలభై. ఆదివారం యేసు తిరిగి లేచిన పునరుత్థాన దినం కాబట్టి ఉపవాసంలోకి రాదు. మొదటి ఏడాది నేను ఆ సందు చూసుకుని ఆదివారం ఉదయం నుంచి రాత్రి దాకా తిన్నాను. సోమవారం మళ్లీ చప్పటి టీ తాగాలంటే ఏడుపొచ్చేది. రెండో ఏడాది ఆదివారం భోజనం తర్వాత ఒక్క స్వీటు, టీలో మాత్రం ఆ రోజూ లేదు. ఇది బాగా పనిచేసింది.

ఒక ముఖ్యమైన మాట. మా అమ్మ కూడా నాతో పాటు మానేస్తానంది. ఆవిడ ఇన్సులిన్ మీద ఉంది. ఇన్సులిన్ గానీ షుగర్ మాత్రలు గానీ వాడేవాళ్లు తిండి మార్చే ముందు డాక్టర్ని అడగాలి. మందు అలాగే ఉంచి తిండి తగ్గిస్తే షుగర్ పడిపోవచ్చు. చెమటలు, వణుకు వచ్చాయంటే వెంటనే పంచదారో గ్లూకోజో నోట్లో వేసుకోవాల్సిందే. అప్పుడు మొక్కు గురించి ఆలోచించకూడదు. డాక్టర్ని అడిగి వచ్చాక అమ్మ సీరియళ్లు మానేసింది.

నాలుగున్నర గంట

కేలండర్‌లో మీ బలహీనమైన టైము ఏదో దానికి ముందే తిండి సిద్ధం చేసుకోండి. నాది నాలుగున్నర. రాత్రి శనగలు నానబెట్టి, పొద్దున్నే ఉడికించి, సాయంత్రం ఇంట్లోకి రాగానే ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు వేస్తే ఐదు నిమిషాల పని. లేదంటే ఉడికించిన వేరుశనక్కాయలు, ఉప్పూకారం చల్లిన జామకాయ. నా ఆరాటంలో సగం తీపి మీద కాదు, ఆకలి. మధ్యాహ్నం పన్నెండున్నరకి తిన్న అన్నం నాలుగున్నర దాకా ఎక్కడ ఆగుతుంది? పొద్దున బ్రెడ్డూ జామూ మానేసి పెసరట్టో, రెండు కోడిగుడ్లో తిన్న రోజున ఆ ఆరాటం ఇంకా తక్కువ.

ప్యాకెట్ల విషయంలో ఒక్క అలవాటు చాలు. వెనక "యాడెడ్ షుగర్స్" అన్న వరుస చూసి, ఆ గ్రాముల్ని ఐదుతో భాగించండి, అన్ని చెంచాలు. పదార్థాల్లో లిక్విడ్ గ్లూకోజ్, ఇన్వర్ట్ సిరప్, డెక్స్‌ట్రోజ్ అని ఉన్నా అదీ చక్కెరే. పాలల్లో కలిపే పొడి, టమాటా సాస్, గోధుమ బిస్కెట్లు, ఇవి మూడూ మా ఇంట్లో ఫెయిలయ్యాయి.

అసలు పరీక్ష కూడికల్లో

పంచదార ఎక్కువగా ఎదురయ్యేది లెంట్ కూడికల్లోనే. రోజుకొక ఇంట్లో కూడిక, పాటలు, వాక్యం, ప్రార్థన, అది అవగానే ప్లేటు. ప్లేట్లో లడ్డూ లేదా మైసూర్‌పాక్, మిక్చర్, పక్కన తియ్యటి టీ. శ్రమల మీద గంటసేపు ప్రసంగం విని మైసూర్‌పాక్ తినడం గురించి పాస్టర్ అయ్యగారే ఒకసారి నవ్వారు.

వద్దంటే ఇంటివాళ్లు చిన్నబుచ్చుకుంటారు. "ఉపవాసంలో ఉన్నాను" అని అక్కడ ప్రకటించడం నాకిష్టం లేదు. ఉపవాసమున్నప్పుడు దుఃఖముఖం పెట్టుకోవద్దు, తలకి నూనె రాసుకుని ముఖం కడుక్కొమ్మని బైబిల్లో మత్తయి ఆరో అధ్యాయంలో ఉండనే ఉంది. అందుకని ప్లేటు తీసుకుని, మిక్చర్ తిని, లడ్డూ పక్కన కూర్చున్న పిల్లల చేతిలో పెట్టేదాన్ని. ఇంతవరకూ ఏ పిల్లాడూ కారణం అడగలేదు. టీకి బదులు మంచినీళ్లు. మా ఇంటి వంతు వచ్చినప్పుడు గుగ్గిళ్లు, పుచ్చకాయ ముక్కలు, అల్లం వేసిన మజ్జిగ పెట్టాను. మార్చి ఎండల్లో మజ్జిగ రెండుసార్లు అడిగి తాగారు. ఆ తర్వాత ఇంకో రెండిళ్లలో మజ్జిగ కనిపించింది.

2025లో పండగలన్నీ లెంట్‌లోనే కలిసొచ్చాయి. మార్చి 30న ఉగాది, మర్నాడే రంజాన్, ఏప్రిల్ 6న శ్రీరామనవమి. పక్కింటి పిన్నిగారు ఉగాది పచ్చడి, బొబ్బట్లు పంపారు. ఆదివారం కావడం నా అదృష్టం, ఒక బొబ్బట్టు తిన్నాను. సోమవారం మా సహోద్యోగి ఇంటి నుంచి షీర్ ఖుర్మా వచ్చింది. లెంట్ అని చెబితే ఆవిడ ఒక్క ప్రశ్న వేయలేదు. నెల రోజులు రోజా ఉన్న మనిషికి విడమరిచి చెప్పాల్సిన పనేముంది. "ఈస్టర్‌కి మళ్లీ చేసి పంపిస్తాలే" అంది, పంపించింది కూడా. ఈసారి ఉగాది మార్చి 19, గురువారం. పిన్నిగారికి ముందే చెప్పాలి.

తప్పితే ఏం చేయాలంటే, ఏమీ చేయక్కర్లేదు. 2024లో పదిహేడో రోజున స్కూల్లో ఎవరిదో పుట్టినరోజు, కేకు తినేశాను. ఎలాగూ పోయింది కదా అని ఆ సాయంత్రం బిస్కెట్లు, మర్నాడు జిలేబీ. కేకుతో పోయింది ఒక్క పూట, మిగతా మూడు రోజులూ ఆ "ఎలాగూ"తో పోయాయి.

ఈస్టర్ తర్వాత

మొదటి ఏడాది ఈస్టర్ మధ్యాహ్నం బిర్యానీ, డబుల్ కా మీఠా, సాయంత్రం రోజ్‌మిల్క్. జూన్‌లో స్కూళ్లు తెరిచేసరికి నెలకి మూడున్నర కిలోల దగ్గరికి వచ్చేశాం. రెండో ఏడాది ఈస్టర్‌కి ముందే ఇంకో కాగితం రాశాను: టీలో ఎప్పటికీ వద్దు, బిస్కెట్లు ఇంట్లోకి కొనొద్దు, పండక్కి, పెళ్లికి, ఆదివారానికి స్వీటు తినొచ్చు. ఇప్పుడు ఇంటికి నెలకి కిలోన్నర సరిపోతోంది. మొన్న డిసెంబర్‌లో హెచ్‌బీఏ1సీ 5.7 వచ్చింది. నడక కూడా మొదలుపెట్టాను కాబట్టి దేని వల్ల ఎంత తగ్గిందో లెక్క కట్టలేను.

సీసాలోని పంచదారని ఈస్టర్ తెల్లవారుజామున గుడికి పట్టుకెళ్లాను. ఉదయకాల ఆరాధన అవగానే వెనక షెడ్డులో అందరికీ టీ పెడతారు, అందులో పోశారు. నాకూ ఒక గ్లాసు ఇచ్చారు. రెండు గుక్కలు తాగి, మిగతాది మావారికిచ్చాను. ఆయన తాగి, "ఇందులో పంచదార కాస్త ఎక్కువైనట్టుంది" అన్నారు.