లక్నవరం దీవుల్లో పిట్టలు చూడాలంటే

ములుగు జిల్లా లక్నవరం చెరువుకు పోయేటప్పుడు 8×42 బైనాక్యులర్ (8 రెట్లు పెంచి చూపేది, ముందు అద్దం 42 మి.మీ. వెడల్పు) తీసుకెళ్లండి. 10 రెట్లది ఇంకా మంచిదనిపిస్తుంది గానీ, చేతి వణుకును కూడా అంతే పెంచి చూపిస్తుంది. వేలాడే వంతెన మీద నిలబడి చూడొద్దు, ఎవరు నడిచినా ఊగుతుంది. దీవి మీదికి దాటి, చెట్టుకు భుజం ఆనించి, మోచేతులు ఛాతీకి అదిమి చూడండి. పొద్దున పడమర దిక్కుకు తిరిగి నిలబడాలి. ఎదురెండలో నీటికాకైనా బాతైనా నల్లటి మచ్చే.

ఏసీ కారులోంచి దిగంగనే బైనాక్యులర్ అద్దాలకు ఆవిరి పడుతుంది. చల్లబడ్డ గాజు మీద చెరువుగాలి తేమ చేరడమే కారణం. పావుగంట ముందే ఏసీ ఆపి కిటికీలు దించండి. చొక్కా అంచుతో మాత్రం తుడవకండి, దుమ్ము గీతలు పెడుతుంది.

పిట్ట మేత ఆపి తలెత్తిందంటే అక్కడే ఆగిపోండి, ఇంకో అడుగు వేస్తే లేచిపోతుంది.