ఆలోచించడం నేర్చుకుందాం – 4: ఏ కార్డు తిప్పాలి?

ముందు పోయిన పాఠంలోని లెక్క. బ్యాటు, బంతి కలిపి 110 రూపాయలు, బంతి కంటే బ్యాటు ధర 100 ఎక్కువ. మరి బంతి ధర ఎంత? 5 రూపాయలు. 10 అని రాసినవాళ్లు ఒకసారి కూడి చూడండి: బ్యాటు 110 అవుతుంది, మొత్తం 120కి చేరుతుంది.

ఈసారి ప్రశ్న కూడా ఫోన్లలో తరచూ తిరిగేదే. బల్ల మీద నాలుగు కార్డులున్నాయి: అ, క, 4, 7. ప్రతి కార్డుకీ ఒకవైపు అక్షరం, రెండోవైపు అంకె. "ఒకవైపు అచ్చు ఉంటే రెండోవైపు సరిసంఖ్య ఉంటుంది" అన్న మాట నిజమో కాదో తేల్చాలంటే ఏ కార్డులు తిప్పాలి? అనవసరంగా ఒక్కటి కూడా తిప్పకూడదు. కిందికి చదవకముందే జవాబు కాగితం మీద రాసుకోండి.

చాలామంది అ, 4 అంటారు. అ సరైనదే. కానీ 4 వెనక హల్లు ఉన్నా ఇబ్బంది లేదు, హల్లుల గురించి మనం ఏమీ అనుకోలేదు కదా. 7 వెనక అచ్చు కనిపిస్తే మాత్రం నియమం తప్పిపోయినట్టే. తిప్పాల్సినవి అ, 7.

బ్రిటన్ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ వేసన్ 1966లో ఇచ్చిన పరీక్ష ఇది. బాగా చదువుకున్నవాళ్లు కూడా ఇందులో తప్పుతారు. 1982లో గ్రిగ్స్, కాక్స్ అనే ఇద్దరు ఇదే ప్రశ్నను మార్చి అమెరికాలోని ఫ్లోరిడా విద్యార్థులకు ఇచ్చారు. అందులో నియమం: బీరు తాగాలంటే 19 ఏళ్లు దాటాలి. ఒక్కో కార్డు ఒక్కో మనిషిది, ఒకవైపు తాగేది, రెండోవైపు వయసు. కార్డుల మీద బీరు, కోక్, 22, 16. ఎవరిని తనిఖీ చేయాలి? బీరు తాగుతున్నవాణ్ని, 16 ఏళ్లవాణ్ని. దాదాపు ముప్పాతిక మంది సరిగ్గా చెప్పారు. ఇది నాకు చాలా ధైర్యమిచ్చే విషయం. నియమం ఎక్కడ తప్పుతుందో వెతకడం మనకు వచ్చు, అక్షరాలూ అంకెలూ కనిపించేసరికి మరిచిపోతున్నాం.

మా ఇంట్లో నీళ్ల మోటారు ఆగినప్పుడు నేనూ ఇలాగే పొరబడ్డాను. కెపాసిటర్ (మోటారు తిరగడం మొదలుపెట్టడానికి తోడ్పడే భాగం) పోయిందనుకుని కొత్తది తెచ్చాను. మామూలుగా కెపాసిటర్ పోతే మోటారు తిరగకపోయినా గుయ్‌మని మూలుగుతుంది. మాది అసలు చప్పుడే చేయలేదు. ఆ ఒక్క సంగతీ గమనించి ఉంటే ముందు ఫ్యూజు చూసేవాణ్ని.

ఈ వారం సాధన: ఇంట్లో ఒకరిని, 2, 4, 6కు సరిపోయే నియమం ఏదైనా మనసులో అనుకోమనండి. మీరు మూడేసి అంకెలు చెబుతూ ఉండాలి, వాళ్లు "అవును", "కాదు" అని మాత్రమే అనాలి. మీకు తోచిన నియమానికి సరిపడని అంకెలు కనీసం మూడుసార్లు చెప్పాకే, మీ ఊహ పైకి చెప్పండి.