హైడ్రాలిక్ లివర్లు మార్చాక బ్రేకు, గేరు మొరాయిస్తే

షిమానో సోరా 9 స్పీడ్ గేర్లు, కేబుల్ డిస్క్ బ్రేకుల రోడ్ సైకిల్‌కు బ్రేకునూ గేరునూ నడిపే షిమానో 105 ఆర్7020 హైడ్రాలిక్ (ఆయిల్ ఒత్తిడితో పనిచేసే) లివర్లు, ఆర్7070 కాలిపర్లు (ప్యాడ్లతో డిస్క్‌ను పట్టే భాగాలు) బిగించాక ఎదురయ్యే తిప్పలివి. ఏం జరిగినా ముందు బ్లీడ్ కిట్ (బ్రేకు ఆయిల్‌లోని గాలి తీసే సామాను) తీయడం చాలామందికి అలవాటు. దానికన్నా ముందు లివర్‌ను గట్టిగా నొక్కి ఒక నిమిషం పట్టుకోండి. సగం జబ్బు వేళ్లకే తెలిసిపోతుంది.

సమస్య: లివర్ మెత్తగా ఉంది, నాలుగైదుసార్లు టకటకా నొక్కితే గట్టిపడుతోంది
లోపల గాలి చేరింది. చక్రం, ప్యాడ్లు తీసి, పిస్టన్లను లోపలికి నెట్టి, ప్యాడ్ల చోట బ్లీడ్ స్పేసర్ (పిస్టన్లు బయటికి రాకుండా ఆపే ముక్క) పెట్టండి. లివర్ మీద గరాటు బిగించి, కింద కాలిపర్ నుంచి సిరంజితో మినరల్ ఆయిల్ ఎక్కించండి. గరాటులో బుడగలు ఆగగానే పని అయిపోయిందనుకోవద్దు. కాలిపర్ మీద ఆయిల్ ఎక్కించిన నిపుల్ మూసి, హోస్‌నూ (ఆయిల్ గొట్టం) కాలిపర్‌నూ స్క్రూడ్రైవర్ పిడితో తడుతూ, లివర్‌ను ఓ 30 డిగ్రీలు కిందికీ పైకీ వంచి నొక్కితే, మూలన నక్కిన బుడగ అప్పుడు పైకొస్తుంది.

మోటార్‌సైకిల్‌కు పోయగా మిగిలిన డాట్ 4 బ్రేక్ ఆయిల్ ఇందులో పోయకండి. సీళ్లు ఉబ్బిపోతాయి, ఇక బ్లీడింగ్‌తో బాగుపడదు.

సమస్య: నొక్కి పట్టుకుంటే లివర్ మెల్లగా హ్యాండిల్ వైపు జారుతోంది
ఎక్కడో లీకవుతోంది. వందసార్లు బ్లీడ్ చేసినా ఇంతే. లివర్ మీది హుడ్ రబ్బరు (చేత్తో పట్టుకునే తొడుగు) మడిచి, హోస్ లివర్‌లోకి దూరే చోట నట్టు చుట్టూ టిష్యూ చుట్టి మళ్లీ నొక్కండి. ఎక్కువసార్లు తడి అక్కడే కనిపిస్తుంది: పాత ఆలివ్‌నే (హోస్ చివర నలిగి ఆయిల్ కారకుండా ఆపే చిన్న లోహపు ఉంగరం) మళ్లీ వాడి ఉంటారు, లేదా హోస్‌ను ఏటవాలుగా కోసి ఉంటారు. నట్టును ఇంకాస్త బిగిస్తే ఆగుతుందన్నది భ్రమే, ఒకసారి నలిగిన ఆలివ్ మళ్లీ పట్టదు. హోస్ పొడవు కొంచెం మిగులుంటే చివర 1 సెం.మీ. తిన్నగా కోయండి. లేకపోతే కొత్త హోస్ తప్పదు. ముందు నట్టు ఎక్కించి, తర్వాత కొత్త ఆలివ్, హోస్ లోపలికి బీహెచ్90 ఇన్సర్ట్ (చిన్న లోహపు గొట్టం) పెట్టి, హోస్‌ను చివరంటా నెట్టి పట్టుకుని 5–6 న్యూటన్ మీటర్లకు బిగించండి. ఆపైన బ్లీడ్ చేయాలి.

సమస్య: లివర్ గట్టిగానే ఉంది, బ్రేకు మాత్రం కూస్తోంది, పట్టదు
బ్లీడ్ చేసేటప్పుడు ప్యాడ్లకు ఆయిల్ అంటింది. రోటర్‌ను (బ్రేకు డిస్క్) ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే సరిపోతుంది. ఆయిల్ పీల్చిన రెజిన్ ప్యాడ్లు మాత్రం చెత్తబుట్టకే.

సమస్య: చక్రం తిప్పితే ప్యాడ్ రాసుకుంటోంది
కాలిపర్ బోల్టులు రెండూ వదులు చేసి, లివర్ నొక్కి పట్టుకుని 6–8 న్యూటన్ మీటర్లకు బిగించండి.

సమస్య: ఒక చివర గేర్లు సరిగ్గా పడుతున్నాయి, మధ్యకొచ్చేసరికి చైన్ గరగరలాడుతోంది
బారెల్ అడ్జస్టర్ (గేరు కేబుల్ బిగువు సరిచేసే మర) ఎంత తిప్పినా లాభం లేదు. 11 స్పీడ్ లివర్ ఒక్కో క్లిక్‌కు లాగే కేబుల్, పాత సోరా డీరైలర్‌కు (చైన్‌ను ఒక గేరు నుంచి ఇంకోదానికి జరిపే భాగం) కావలసిన కొలత ఒకటి కాదు. ఆర్7000 వెనక డీరైలర్, 11 స్పీడ్ చైన్, క్యాసెట్ (వెనక చక్రం పళ్ల గేర్ల గుత్తి) వేయాల్సిందే. హబ్ (చక్రం మధ్య భాగం) పాతదైతే 11 స్పీడ్ రోడ్ క్యాసెట్ ఎక్కదు, ఎందుకంటే ఆ క్యాసెట్‌కు హబ్ మీద 1.85 మి.మీ. ఎక్కువ పొడవు కావాలి. అలాంటి హబ్‌కు 11–34 పళ్ల హెచ్‌జీ700 క్యాసెట్ తీసుకోండి. అది స్పేసర్ రింగు లేకుండానే సరిపోతుంది.