కట్టెల మిషన్ కొనేముందు టేపు పట్టండి

చెన్నైలో కట్టెల అడితి నడిపే మనవాళ్లకు ఒక మాట. బిర్యానీ షాపుల ఆర్డర్లు పెరిగాయని, కోసి చీల్చే రెండు పనులూ చేసే ప్రాసెసర్ కొనాలనుకుంటే ముందు మీ దుంగలు చూసుకోండి. మనం చుట్టుకొలత చూసి సరుకు కొంటాం, మిషన్‌వాళ్లు అందులో పట్టే దుంగకు వ్యాసం, అంటే అడ్డం కొలత, చెప్తారు. చుట్టుకొలతను 3.14తో భాగించండి. 94 సెంటీమీటర్ల దుంగ అంటే అడ్డంగా దాదాపు 30.

సరుగుడు నిటారుగా ఉంటుంది, ప్రాసెసర్‌లోకి చక్కగా జారిపోతుంది. సర్కారు తుమ్మ అలా కాదు, అన్నీ వంకర్లు, కణుపులే. అది తెలియక మొదటి వారమంతా గడ్డపారతో ఇరుక్కున్న దుంగలు పీకుతూనే ఉన్నాను. తుమ్మ, చింత ఎక్కువుంటే కోయడానికి విడిగా రంపం, చీల్చడానికి హైడ్రాలిక్ స్ప్లిటర్ మేలు.

మిషన్ మీద రాసిన టన్నులు గంటకు వచ్చే కట్టెలు కావు, చీల్చే బలం. పిస్టన్ వెళ్లి వెనక్కి రావడానికి ఎన్ని సెకన్లు పడుతుందో వాచీ పెట్టి చూడండి. డెమోకి మీ దుంగలే తీసుకెళ్లండి, అదీ కణుపులున్నవి. రెండు చేతులూ లీవర్ల మీద ఉంటేనే కదిలే మిషన్ తీసుకోండి, చెయ్యి పిస్టన్ దారిలోకి పోదు. ఒక లీవర్‌కు తాడు కట్టేసి నడిపే కుర్రాళ్లుంటారు, వాళ్లమీద ఓ కన్నేయండి.