బాబాయి ఫోన్‌లో 4663 తిప్పలు

గుంటూరు మిర్చి యార్డులో గుమాస్తాగా చేసే మా బాబాయిది బటన్ల ఫోన్. "హోమ్ అని కొడితే గుడ్ అంటోందిరా, పాడైపోయింది" అని ఒకటే టెన్షన్. పాడవలేదు. ఒక్కో అంకె బటన్ మీద మూడు నాలుగు అక్షరాలుంటాయి. టీ9 అనే టైపింగ్ పద్ధతిలో అక్షరానికి ఒక్క నొక్కే, ఏ మాటో ఫోనే తన డిక్షనరీ చూసి ఊహిస్తుంది. కాబట్టి 4663కి గుడ్, హోమ్, గాన్ మూడూ వస్తాయి. తెర చూడకుండా నాలుగూ నొక్కేసి, తర్వాత స్టార్ నొక్కుతూ కావలసిన మాట దగ్గర ఆగమన్నాను. ఆ 'చూడకుండా' అన్నదే కష్టమైంది. మొదట హెచ్ రాలేదని ప్రతిసారీ చెరిపేసేవాడు. చివరికి తెరకు నా అరచెయ్యి అడ్డం పెట్టాను!

మిర్చి అని కొడితే మాత్రం ప్రశ్నార్థకం వచ్చింది, అది ఇంగ్లీషు డిక్షనరీలో లేదు కదా. స్పెల్ ఆప్షన్‌లోకి వెళ్లి ఒకసారి రాసి సేవ్ చేశాం. మిగతా తెలుగు మాటలకు టీ9 ఆపేసి, కావలసిన అక్షరం వచ్చేదాకా అదే బటన్ మళ్లీ మళ్లీ నొక్కే పాత పద్ధతిలో కొడుతున్నాడు.