ముట్టుకాడులో పండుగప్పకి ఏ లూర్ (నకిలీ ఎర) వేయాలి?

చెన్నై దగ్గరి ముట్టుకాడు బ్యాక్‌వాటర్‌లో పండుగప్ప కోసం నేను ముందు కట్టేది నాలుగంగుళాల సాఫ్ట్ ప్లాస్టిక్ లూర్, 10 గ్రాముల జిగ్ హెడ్‌తో (తల దగ్గర బరువున్న గాలం). నీళ్ళు తేటగా ఉంటే వెండి రంగు, వానకి బురదగా మారితే నలుపో బంగారు రంగో. పాపర్లు (నీటిపై చప్పుడు చేసే తేలే లూర్లు) తెల్లవారుజామున సరదాకి బావుంటాయి, అంతే.

అసలు పనితనం విసిరాక చూపించాలి. ఇసుకమేట తెగి ముఖద్వారం తెరిచి ఉన్న రోజుల్లో, ఆటుకి నీళ్ళు సముద్రం వైపు లాగుతుండగా రాళ్ళ పక్కకు విసరండి. అడుగు తాకనిచ్చి, రాడ్ చివర రెండుసార్లు చిన్నగా ఎగరేసి ఆపండి. లూర్ మళ్ళీ కిందికి జారుతుంటే అప్పుడే టక్కుమంటుంది. మా బావమరిదిలా గబగబా రీల్ తిప్పితే నాచే వస్తుంది.

లీడర్ (లూర్‌కి ముందు కట్టే గట్టి దారం) 40 పౌండ్ల బలమున్నది వేయండి. మొప్ప అంచు బ్లేడులా దారాన్ని కోసేస్తుంది. చేప ఎగిరితే రాడ్ దించండి, దారం మాత్రం వదులు కానివ్వకండి.